ఊరెళ్ళే ముందు పాస్‌వర్డ్ గడువు చూసుకోండి

దసరాకు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వచ్చి, ఇంకో వారం ఇంటినుంచే పని చేద్దామని ఆఫీసు ల్యాప్‌టాప్ వెంట తెచ్చుకునేవాళ్ళకు ఇది. మొన్న గుణుపురంలో ఒకరికి సెలవు మధ్యలో పాస్‌వర్డ్ గడువు తీరింది. ఫోన్‌లో ఆఫీసు వెబ్ పోర్టల్ తెరిచి కొత్తది పెట్టుకున్నారు. ల్యాప్‌టాప్ పాతదే అడిగింది, వీపీఎన్ (బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే దారి) కొత్తదే కావాలంది. అదీ ఇదీ కొట్టి ఖాతా లాక్ చేసుకుని, చివరికి విశాఖ బస్సెక్కారు.

బలమైన పాస్‌వర్డ్ ఎలా ఉండాలో అందరికీ తెలుసు, అది వదిలేద్దాం. ఆఫీసు డొమైన్‌లో (పాస్‌వర్డ్‌ను ఆఫీసు సర్వరే సరిచూసే ఏర్పాటులో) ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లకు అసలు తప్పు ఒక్కటే: ఆఫీసు బయట వీపీఎన్ లేకుండా పాస్‌వర్డ్ మార్చడం. సర్వర్ అందనప్పుడు ల్యాప్‌టాప్, చివరిసారి సర్వర్ ఒప్పుకున్న పాస్‌వర్డ్ ఆనవాలుతోనే లోపలికి రానిస్తుంది. ఆ ఆనవాలుకు గడువు లేదు. పోర్టల్‌లో మార్చిన కబురు దానికి చేరదు.

పద్ధతి ఇదీ. ముందు వీపీఎన్ కలపండి. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి ‘చేంజ్ ఎ పాస్‌వర్డ్’ ఎంచుకోండి. మార్చాక వీపీఎన్ తియ్యకుండానే విండోస్ మీటతో ఎల్ నొక్కి తెర లాక్ చేసి, కొత్త పాస్‌వర్డ్‌తోనే తెరవండి. పిన్‌తో తెరిస్తే లెక్కలోకి రాదు. పోర్టల్‌లో ఇప్పటికే మార్చేశారా? పాతదానితో ల్యాప్‌టాప్ తెరిచి, కొత్తదానితో వీపీఎన్ కలిపి, అలాగే లాక్ చేసి తెరవండి.

గుర్తుచేసే సందేశాన్ని నమ్ముకోవద్దు. విండోస్ మామూలు అమరికలో అది గడువుకు 5 రోజుల ముందు మాత్రమే వస్తుంది. మీ సెలవు 10 రోజులు. గడువు దగ్గర పడితే ఆఫీసులో ఉండగానే మార్చేయండి, మీ ఆఫీసు పెట్టిన గడువు 42 రోజులదైనా 90 రోజులదైనా.

మార్చిన వెంటనే ఫోన్ మెయిల్‌లోనూ కొత్తది పెట్టండి. లేకపోతే అది వెనకాల పాతది పంపుతూనే ఉండి ఖాతా లాక్ చేయిస్తుంది.

తెలుగో ఒడియానో కీబోర్డు వేసుకున్నవాళ్ళు లాగిన్ తెర మూలన భాష గుర్తు చూసుకోండి. ఇంగ్లీషు లేకపోతే విండోస్ మీట, స్పేస్ నొక్కండి.

మధ్యలో మూత మూయొద్దు. నిద్రలోకి వెళ్తే వీపీఎన్ తెగుతుంది.

వానకు కరెంటు పోతే రౌటరూ పోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ ముందే ఒకసారి కలిపి ఉంచండి.

శుక్రవారం సాయంత్రం మార్చొద్దు. తేడా వస్తే శని, ఆదివారాలు హెల్ప్‌డెస్క్ దొరక్కపోవచ్చు.

రెండుసార్లు తప్పైతే ఆపండి. మూడోది ఊహించి కొట్టొద్దు.

వీపీఎన్ కలవట్లేదా? మార్చొద్దు. ముందు హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చెయ్యండి. ఆ నంబరు ల్యాప్‌టాప్‌లో కాదు, కాగితం మీద ఉండాలి.

మళ్ళీ చెబుతున్నా: వీపీఎన్ ముందు, పాస్‌వర్డ్ తర్వాత.