ఎన్‌బీఏ మ్యాచ్ టైంకు గంటన్నర లెక్క
అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మ్యాచ్ చూద్దామని 4 గంటలకే లేచి, ఇంకా రెండు గంటలకు గానీ మొదలుకాదని తెలిసి, నిద్ర పట్టక పాలాయన వచ్చేదాక మంచంల దొర్లిన పొద్దులు నాకు చానా ఉన్నయి.

నల్లగొండల కూసొని ఇప్పుడు చేసేది ఇంతే. షెడ్యూల్‌ల ఈటీ (అమెరికా తూర్పు వైపు టైం) అని ఉన్న రాత్రి టైంల నుంచి గంటన్నర తీసేసి, తెల్లారి పొద్దున అనుకోవాలె. మంగళవారం రాత్రి 7:30 అంటే మనకు బుధవారం పొద్దున 6:00. లాస్ ఏంజెలెస్‌ల ఆడే 10:30 మ్యాచ్ అయితే 9:00, డ్యూటీకి పోయే టైం. నేనైతే వదిలేస్తా.

ఈ లెక్క నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాక. అటు అక్టోబర్‌ల, ఇటు ఏప్రిల్‌ల రెండున్నర గంటలు తియ్యాలె. అమెరికోళ్లు అప్పుడు గడియారం గంట ముందుకు జరుపుతరు కదా.

డేటా తక్కువుంటే మొదలైనంక గంటా ముప్పావుకు పెట్టుండ్రి, ఇంచుమించు నాలుగో క్వార్టర్, అంటే ఆటల ఆఖరి భాగం, దొరుకుతది. పేరుకు 12 నిమిషాలే, అరగంట దాక సాగుతది.

ఆదివారం పగటి మ్యాచ్‌లకు మాత్రం పైలం. అక్కడ మధ్యాహ్నం 1:00 అంటే మనకు అదే ఆదివారం రాత్రి 11:30. తెల్లారి లేస్తే స్కోరే మిగుల్తది.