పన్ను నొప్పి: డాక్టర్ దగ్గరికి వెళ్లేలోగా ఇంట్లో ఏం చేయాలి?

పన్ను నొప్పి రాత్రి పడుకోబోయేటప్పుడే ముదురుతుంది. అప్పటికి క్లినిక్‌లన్నీ మూసేసి ఉంటాయి. తెల్లారేదాకా నెట్టుకురావాలంటే ముందు నొప్పి తీరు గమనించండి. జివ్వుమంటోందా, సలుపుతోందా, కొరికితే కలుక్కుమంటోందా? మనం మామూలుగా అనే ఈ మాటల్లోనే కారణం సగం తెలిసిపోతుంది.

చల్లనీళ్లకు జివ్వుమని, రెండు మూడు సెకన్లలో పోతోంది

ఎనామిల్ (పంటి మీది గట్టి పొర) అరిగి ఉండొచ్చు, లేదా చిగురు జారి పంటి వేరు బయటపడి ఉండొచ్చు. గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దేవాళ్లలో ఇది ఎక్కువ. మెత్తటి బ్రష్‌కు మారి, పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్ట్ రోజూ వాడండి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. చిన్న పుచ్చు ఉన్నా ఇలాగే ఉంటుంది కాబట్టి ఒకసారి చూపించుకోవాలి.

ఏమీ తినకపోయినా సలుపుతోంది, పడుకుంటే ఇంకా ఎక్కువ

పుచ్చు లోపలి నరం దాకా వెళ్లిందన్నమాట. నరం వాచినా పన్ను గట్టి డబ్బా లాంటిది, సాగదు. పడుకుంటే తలకు రక్తం ఎక్కువగా చేరి లోపల ఒత్తిడి పెరుగుతుంది. అందుకే రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టుకోండి.

ముందు గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి. సందులో తోటకూర పీచో మాంసం ముక్కో ఇరుక్కుంటే ఫ్లాస్ దారంతో తీయండి. పిన్నీసు, అగ్గిపుల్ల వద్దు. తర్వాత ఐస్ ముక్కల్ని గుడ్డలో చుట్టి బుగ్గ మీద పావుగంట ఉంచండి.

లవంగ నూనెలోని యూజినాల్ నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది. కానీ నేరుగా పెట్టకూడదు. ఒకసారి మా అమ్మకు నేనే దూదిని సీసాలో ముంచి అలాగే పంటి మీద పెట్టాను. పొద్దున చూస్తే చిగురు తెల్లగా పొక్కిపోయి ఉంది, పాపం రెండు రోజులు కారం తినలేకపోయింది. చెంచా కొబ్బరినూనెలో రెండు చుక్కలు కలిపి, మినపగింజంత దూదితో పంటికి మాత్రమే తగిలేలా పెట్టండి. చిన్నపిల్లలకు వద్దు.

మాత్రల్లో, వేరే జబ్బుల్లేని పెద్దవాళ్లకు ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా., పారాసెటమాల్ 500 మి.గ్రా. కలిపి తిండి తిన్నాక వేసుకుంటే దేనికదే వేసుకున్నదానికన్నా బాగా పనిచేస్తుంది. మళ్లీ వేసుకోవాలంటే 6 గంటలు ఆగాలి, 24 గంటల్లో మూడుసార్లు మించకూడదు. కొన్ని మాత్రల్లో రెండూ కలిసే ఉంటాయి, అట్ట మీద చదవండి. గర్భిణులు, అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, డెంగ్యూ అనుమానం ఉన్నవాళ్లు ఐబుప్రొఫెన్ జోలికి పోవద్దు. ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెట్టుకుంటే చర్మం కాలిపోతుంది. జిల్లేడు పాలు, కిరోసిన్, ముక్కుపొడి కూడా అంతే, దయచేసి వాటిని నోట్లో పెట్టకండి.

కొరికినప్పుడే కలుక్కుమంటోంది

పన్ను చీలి ఉండొచ్చు, లేదా కొత్తగా వేసిన ఫిల్లింగ్ ఎత్తుగా ఉండొచ్చు. రెండోవైపు నమలండి. ఎత్తు తగ్గించడం డాక్టర్‌కు ఐదు నిమిషాల పని.

దవడ చివర నొప్పి, నోరు పూర్తిగా తెరుచుకోవట్లేదు

17 నుంచి 25 ఏళ్లలోపు అయితే జ్ఞానదంతం కావచ్చు. సగం వచ్చిన పన్ను మీది చిగురు కింద మెతుకులు చేరి చీము పడుతుంది. రోజుకు నాలుగైదుసార్లు ఉప్పునీళ్లతో పుక్కిలించండి, చూపించుకోవడం మాత్రం ఆలస్యం చేయొద్దు.

జలుబుతో పాటు పైపళ్లన్నీ లాగుతున్నాయి

వంగితే ఎక్కువైతే అది సైనస్ కావచ్చు.

బుగ్గ వాచింది, జ్వరం ఉంది

వేడి కాపడం పెట్టొద్దు, సూదితో గుచ్చొద్దు. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి కొనుక్కోవడం వల్ల కూడా లాభం లేదు. బుగ్గ వాచేసరికి సాధారణంగా పంటి లోపలి నరం చచ్చిపోయి ఉంటుంది. చచ్చిన నరంలోకి రక్తమే వెళ్లదు, మందు ఎలా వెళ్తుంది? చీముకు దారి చూపాల్సింది డాక్టరే. వాపు కంటి దాకా గానీ దవడ కిందికి గానీ పాకినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా ఆ రాత్రే 108కి ఫోన్ చేయండి. ఎడమ దవడ నొప్పితో పాటు చెమటలు, ఛాతీ బరువు ఉంటే అది గుండెపోటు కావచ్చు, అప్పుడూ అంతే.

మూడు రోజులు సలిపి, నొప్పి దానంతటదే పోయింది

నాకు ఎక్కువ భయం వేసేది ఇక్కడే. "తగ్గిపోయిందిగా" అని చాలామంది అపాయింట్‌మెంట్ మానేస్తారు. చాలాసార్లు అది తగ్గడం కాదు, నరం చచ్చిపోవడం. ఇన్ఫెక్షన్ వేరు కొసకు చేరి, కొన్ని వారాలకో నెలలకో వాపుగా బయటపడుతుంది. పన్ను నిలబెట్టుకోవాలంటే రూట్ కెనాల్ (పంటి లోపలి పాడైన నరం తీసి, శుభ్రం చేసి మూసే చికిత్స) ఆలస్యం చేయకుండా చేయించాలి. ఖర్చుకు వెనకాడేవాళ్లకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. ఆధార్ కార్డు, ఇంతవరకు వాడిన మాత్రల అట్టలు పట్టుకుని పొద్దున్నే ఓపీకి వెళ్లండి.