ప్రైమరీ చర్చకు ప్రతిస్పందన రాయడం – నాలుగవ పాఠం: ఆ మాట ఎవరి కోసం?

2023 ఆగస్టు 23న విస్కాన్సిన్ రాష్ట్రం మిల్వాకీ నగరంలో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం జరిగిన తొలి చర్చను పూర్తిగా చూసి, పుటకు మించకుండా ప్రతిస్పందన రాయమని గత పాఠంలో అడిగాను. వచ్చిన జవాబులలో ఎక్కువ భాగం ఒకే చోట తడబడ్డాయి. అందువల్ల ఈ వారం చెప్పదలచుకున్న శీర్షికలు, ముగింపుల సంగతిని వాయిదా వేసి, ఆ తడబాటునే పాఠంగా తీసుకుంటున్నాను.

చాలా జవాబులు ‘ఫలానావారు గెలిచారు’ అనే వాక్యంతో మొదలై, ‘ఫలానావారి అభిప్రాయంతో నేను ఏకీభవిస్తున్నాను’ అనే వాక్యంతో ముగిశాయి. మధ్యలో పోటీదారులలో ఒకరైన వివేక్ రామస్వామి మాటలు చాట్‌జీపీటీలా ఉన్నాయని మరో పోటీదారు క్రిస్ క్రిస్టీ అన్న మాట, విదేశాంగ అనుభవం లేదన్న సంగతి తెలిసిపోతోందని నిక్కీ హేలీ అదే రామస్వామిని ఎత్తిపొడిచిన మాట దాదాపు అందరూ ఉటంకించారు. మొదటి వాక్యం పందెం ఫలితం, చివరి వాక్యం సొంత రాజకీయం. ఈ రెండింటి మధ్య చర్చ అనేదే కనిపించలేదు.

దీనికి కారణం మన రాజకీయ అలవాటులో ఉందని నా నమ్మకం. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా ఒక నియోజకవర్గంలో పార్టీ టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది, బి-ఫారం చేతికి వచ్చాకే అభ్యర్థి జనం ముందుకు వస్తాడు. టికెట్ కోసం ఒకే పార్టీవారు ఎనిమిది మంది వేదికపై నిలబడి, సాధారణ ఓటర్ల ముందు ఒకరినొకరు ఖండించుకునే దృశ్యం మనకు పరిచయం లేదు. కాబట్టి మనం ఆ ఎనిమిది మందినీ ఎనిమిది పార్టీల నాయకుల్లా విన్నాం. నిజానికి వారందరూ పోటీ పడుతున్నది ఒకే టికెట్ కోసం. ఆ టికెట్ ఇచ్చేది మొదట అయోవా కాకస్‌కు (పార్టీవారు స్థానిక సమావేశాల్లో కలిసి ఓటు వేసే పద్ధతి), తర్వాత న్యూ హాంప్‌షైర్ ప్రైమరీకి (పోలింగ్ కేంద్రాల్లో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్), ఆపైన మిగిలిన రాష్ట్రాలకు చెందిన ఓటర్లు. అమెరికా మొత్తం ఆ రాత్రి వింటున్నా, వక్త మనసులో ఉన్న శ్రోత చాలా చిన్న సమూహం. ఆ సమూహం ఏదో పట్టుకోకుండా రాసిన ప్రతిస్పందన, అది ఎంత అందంగా ఉన్నా, చర్చకు ప్రతిస్పందన కాదు.

గర్భస్రావంపై జరిగిన సంవాదాన్ని తీసుకుందాం. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు గర్భస్రావానికి ఉన్న రాజ్యాంగ రక్షణను తొలగించిన తర్వాత, ఈ అంశం రాష్ట్రాలదా, వాషింగ్టన్‌దా అన్నది ఆ పార్టీలోనే తెగని ప్రశ్నగా మిగిలింది. మాజీ ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ గర్భం 15 వారాలు దాటాక జాతీయ స్థాయిలో నిషేధం కావాలన్నారు. సెనేట్‌లో అటువంటి చట్టానికి కావలసిన 60 ఓట్లు లేవని, లేని ఓట్ల పేరు చెప్పి మహిళలు ఈ విషయంలో ఇప్పుడే తేల్చుకోవాలన్న భావన కలిగించవద్దని, అందరూ ఒప్పుకోగలిగిన అంశాలు వెతకాలని హేలీ అన్నారు. ఏకాభిప్రాయం నాయకత్వానికి వ్యతిరేకమైనదని పెన్స్ బదులిచ్చి, అమెరికా ప్రజలలో 70 శాతం మంది అటువంటి పరిమితిని సమర్థిస్తున్నారన్నారు. సెనేట్‌లో 70 శాతం లేరు కదా అని హేలీ వెంటనే అన్నారు. అప్పటి నార్త్ డకోటా గవర్నర్ డగ్ బర్గమ్ రాజ్యాంగంలోని పదవ సవరణను గుర్తుచేసి, నిర్ణయం రాష్ట్రాలదేనన్నారు.

ఈ సంవాదంపై వచ్చిన జవాబులలో సగం హేలీ తర్కం బాగుందన్నాయి, మిగిలినవి పెన్స్ నిష్ఠ బాగుందన్నాయి. నేను అడిగేది అది కాదు. అయోవా కాకస్‌లో గర్భస్రావాన్ని ఎక్కువగా వ్యతిరేకించే ఎవాంజెలికల్ క్రైస్తవుల బలం చాలా ఎక్కువ. పెన్స్ మాట్లాడింది వారితో. హేలీ మాట్లాడింది, 2022 ఆగస్టులో కాన్సాస్ వంటి రిపబ్లికన్ రాష్ట్రంలోనే గర్భస్రావ హక్కును తొలగించే సవరణ ప్రజాభిప్రాయ సేకరణలో ఓడిపోవడం చూసి, 2024 నవంబరు ఎన్నికల గురించి కలవరపడుతున్న రిపబ్లికన్లతో. ఒకరు పార్టీ విశ్వాసానికి, మరొకరు పార్టీ గెలుపుకు విన్నపం చేస్తున్నారు. ఈ రెండు వాక్యాలు రాసిన తర్వాత, మీకు ఎవరి వాదన సబబనిపించిందో చెప్పండి, నాకు అభ్యంతరం లేదు. ముందు చెబితే మాత్రం ఆ తర్వాత రాసేదంతా దానికి సాక్ష్యం వెతకడమే అవుతుంది.

చప్పట్ల విషయంలో కూడా ఇదే పొరపాటు జరిగింది. డొనాల్డ్ ట్రంప్ నడవడి అధ్యక్ష పదవి స్థాయికి తగినది కాదని క్రిస్టీ అన్నప్పుడు సభ హేళనగా అరిచింది, కాబట్టి క్రిస్టీ విఫలమయ్యారని పలువురు రాశారు. ఆ సభలో కూర్చున్నవారు క్రిస్టీ లక్ష్యం కానే కారు. ఆయన ఆశలన్నీ న్యూ హాంప్‌షైర్ మీద ఉన్నాయి. ఆ రాష్ట్రంలో ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటర్లు కూడా రిపబ్లికన్ ప్రైమరీలో ఓటు వేయవచ్చు. ఆ ఓటరు ఇంట్లో టీవీ ముందు కూర్చొని ఆ అరుపులు విని క్రిస్టీకి దగ్గరయ్యే అవకాశం కూడా ఉంది.

సభ, ఓటరు ఒక్కటైన సందర్భాలూ లేకపోలేదు. 2012 జనవరి 19న సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో, తన వ్యక్తిగత జీవితంపై మొదటి ప్రశ్న వేసిన చర్చా నిర్వాహకుడి మీదే రిపబ్లికన్ పోటీదారు న్యూట్ గింగ్రిచ్ విరుచుకుపడ్డారు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. రెండు రోజుల తర్వాత ఆ రాష్ట్రాన్ని ఆయన గెలిచారు. కానీ ఆ తర్వాత పది రోజులకే, జనవరి 31న, ఫ్లోరిడాలో మిట్ రోమ్నీ చేతిలో ఓడిపోయారు. 2016 ఫిబ్రవరి 6న న్యూ హాంప్‌షైర్ చర్చలో మార్కో రూబియో బరాక్ ఒబామా గురించిన ఒకే వాక్యాన్ని పదే పదే వల్లిస్తూ ఉండగా, క్రిస్టీ ఆ లోపాన్ని అక్కడికక్కడే ఎత్తిచూపి ఆయనను నిలువునా నిలదీశారు. చూసినవారిలో క్రిస్టీ గెలవలేదన్నవారు అరుదు. ఫిబ్రవరి 9న ఓట్లు లెక్కిస్తే రూబియో అయిదవ స్థానానికి పడిపోయారు, క్రిస్టీ ఆరవ స్థానంలో నిలిచి మరునాడే పోటీ నుంచి తప్పుకున్నారు. ‘ఎవరు గెలిచారు’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టవద్దని నేను పట్టుబట్టడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించిన విషయానికి వస్తాను. అదే చేతులెత్తే ప్రశ్న. ట్రంప్ న్యాయస్థానంలో దోషిగా తేలినా, పార్టీ ఆయననే ఎంచుకుంటే మద్దతిస్తారా అని నిర్వాహకుడు బ్రెట్ బేయర్ అడిగినప్పుడు ఎనిమిది మందిలో ఆరుగురు చేతులెత్తారు. క్రిస్టీ చేయి కదిలించి, వేలు అడ్డంగా ఆడించి కాదన్నారు, ఏసా హచిన్సన్ ఎత్తలేదు. దీనిమీద వచ్చిన జవాబులన్నిటి సారం ‘ఆరుగురు ట్రంప్ పక్షం, ఇద్దరు వ్యతిరేకం’ అని. దయచేసి ఈ వాక్యాన్ని ఇకమీదట ఎవరూ రాయవద్దు. ఎందుకు రాయకూడదో ఓపికగా చెబుతాను.

మొదట, వేదికకు ముందు ఏం జరిగిందో చూడాలి. ఆ చర్చకు అర్హత పొందాలంటే సర్వేలలో కనీసం ఒక శాతం మద్దతు, 40,000 మంది దాతలు ఉండటంతో పాటు, చివరకు పార్టీ ఎవరిని ఎంచుకున్నా మద్దతిస్తామని సంతకం చేయాలి. అంటే చేయి ఎత్తిన ఆరుగురు అప్పటికే సంతకం చేసిన మాటనే మళ్లీ చెప్పారు. వారి చేతులు మనకు కొత్తగా చెప్పినది చాలా తక్కువ. ఎత్తని ఇద్దరూ అదే కాగితం మీద సంతకం చేసి, వేదిక మీద దానికి ఎదురు నిలిచారు. ఆ రాత్రి అసలు సమాచారం ఎత్తిన చేతులలో లేదు, ఎత్తని చేతులలో ఉంది. తిరుగుబాటులో పాల్గొన్నవారిని పదవులకు దూరం పెట్టే రాజ్యాంగ పద్నాలుగవ సవరణ ట్రంప్‌ను అనర్హుడిని చేయవచ్చని కొందరు న్యాయ పండితులే అంటున్నారని హచిన్సన్ ఆ తర్వాత చెప్పిన మాటను వాడుకున్న జవాబు నాకు ఒక్కటీ కనిపించలేదు. ఎనిమిదేళ్ల ముందు, 2015 ఆగస్టు 6న క్లీవ్‌లాండ్ చర్చలో ఇదే బేయర్, పార్టీ అభ్యర్థికి మద్దతిస్తామని మాట ఇవ్వలేనివారు చేయి ఎత్తమన్నప్పుడు పదిమందిలో ఒక్క ట్రంప్ మాత్రమే ఎత్తారు. అప్పుడు కూడా చూడవలసింది మందను కాదు, విడిగా నిలిచినవారిని.

రెండవది, అదే మనుషులు అదే రాత్రి మరో ప్రశ్నకు ఏమన్నారో పక్కన పెట్టి చదవాలి. 2021 జనవరి 6న ఎన్నికల ఫలితాన్ని ధ్రువీకరించి పెన్స్ సరైన పని చేశారా అని అడిగితే, టిమ్ స్కాట్ అవునన్నారు, హేలీ అవునన్నారు, బర్గమ్ అవునన్నారు, రాన్ డిశాంటిస్ సైతం కొంత తప్పించుకున్న తర్వాత పెన్స్ తన విధి నిర్వర్తించారని ఒప్పుకున్నారు. పెన్స్ చేయకూడదని ట్రంప్ పట్టుబట్టిన పని అదే. చేయి ఎత్తినవారే ఇక్కడ ట్రంప్‌కు ఎదురు చెప్పారు. పైగా ట్రంప్ హయాంలో జాతీయ రుణం ఎనిమిది లక్షల కోట్ల డాలర్లు పెరిగిందని, ఆయన అమెరికాలో అందరికన్నా ఎక్కువ మంది ఇష్టపడని రాజకీయ నాయకుడని, అలా సాధారణ ఎన్నికలు గెలవలేమని చెప్పిన హేలీ కూడా చేయి ఎత్తినవారే. ఆమెను ‘ట్రంప్ పక్షం’ అన్న అరలో పడేస్తే ఈ వాక్యాలన్నీ ఎక్కడికి పోవాలి?

మూడవది, చూసినది మాత్రమే రాయాలి. చేయి ఎత్తే ముందు డిశాంటిస్ అటూ ఇటూ చూశారు. అది కెమెరాలో ఉంది, కాబట్టి రాయవచ్చు. ‘భయపడ్డారు’ అని రాయకూడదు, ఆయన మనసు కెమెరాలో లేదు. దానికి బదులు, అదే రాత్రి అంతకుముందు వాతావరణ మార్పుపై చేతులెత్తమన్నప్పుడు, మేం బడిపిల్లలం కాము, చర్చిద్దాం అని నిరాకరించిన డిశాంటిస్, ట్రంప్ ప్రశ్నకు ఆ అభ్యంతరం చెప్పలేదని రాయండి. ఒకే మనిషి, ఒకే రాత్రి, ఒకే రకమైన రెండు ప్రశ్నలకు వేర్వేరు నడవడి. పాఠకుడికి కావలసిన నిర్ణయం ఆ రెండు వాక్యాలను పక్కపక్కన పెడితే దానంతట అదే వస్తుంది.

మరో సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. రామస్వామి తల్లిదండ్రులు కేరళ నుంచి, హేలీ తల్లిదండ్రులు పంజాబ్ నుంచి వెళ్లినవారన్న దానికి ఒక వాక్యం సరిపోతుంది, సగం పుట అక్కర్లేదు. ఆ రాత్రి వలసల చర్చ ప్రధానంగా మెక్సికో సరిహద్దు, ఫెంటనిల్ అనే మత్తుమందు, మాదకద్రవ్య ముఠాల చుట్టూ తిరిగింది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో రాస్తున్నవారికి హెచ్-1బి వీసా గుండెకు దగ్గరి విషయమని నాకు తెలుసు, అయినా వేదిక మీద నడిచిన చర్చను వదిలి మన ఆందోళనను అక్కడికి మోసుకుపోకూడదు.

ఇక నేను చేసే పద్ధతి. మొదటిసారి బొమ్మ చూడకుండా వింటాను, ముఖకవళికలు నా తీర్పును తొందరపెడతాయి కాబట్టి. తర్వాత లిఖిత ప్రతి తీసుకొని, ప్రతి ముఖ్య వాక్యం పక్కన అది ఏ ఓటరుకో పెన్సిలుతో రాస్తాను. రాయలేకపోతే ఆ వాక్యాన్ని వదిలేస్తాను. మూడవసారి మాత్రమే వీడియో చూస్తాను. నా ప్రతిస్పందన పూర్తయ్యేవరకు ఇతరుల విశ్లేషణలు చదవను. అడిగిన ప్రశ్నకు జవాబు రాని చోటును వేరే రంగులో గుర్తిస్తాను. నా అనుభవంలో ఎక్కువ ప్రతిస్పందనలు పుట్టేది అక్కడే. వేదిక మీద లేనివారికి కూడా ఒక పేరా కేటాయిస్తాను. మిల్వాకీలో ట్రంప్ లేరు, చర్చ మొదలయ్యే ముందు వ్యాఖ్యాత టక్కర్ కార్ల్‌సన్‌తో ఆయన ముఖాముఖి విడుదలైంది. అక్కడ ఖాళీగా ఉన్న ఆ స్థానాన్ని చూసుకుంటూనే ఎనిమిది మందీ మాట్లాడారు.

ఈసారి అభ్యాసం కష్టమైనది, ముందే చెబుతున్నాను. 2024 జనవరి 10న అయోవా రాజధాని డెమోయిన్‌లో హేలీ, డిశాంటిస్ ఇద్దరే పాల్గొన్న చర్చను తీసుకోండి. అయిదు రోజుల తర్వాత అయోవా కాకస్, జనవరి 23న న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ. ఫలితాలు మీకు తెలిసినా తెలియనట్టు రాయాలి. మూడు సంవాదాలు ఎంచుకొని, ఒక్కొక్కటి అయోవా ఓటరుకా, న్యూ హాంప్‌షైర్ ఓటరుకా, లేక దాతలకా అన్నది వాక్యం ఉటంకించి నిరూపించండి. ‘డిశాంటిస్ అబద్ధాలు’ అన్న పేరుతో ఉన్న వెబ్‌సైట్ చిరునామాను హేలీ ఆ రాత్రి పదే పదే ఎందుకు చెప్పారో ఒక పేరాలో వివరించండి. అదే రోజు క్రిస్టీ పోటీ నుంచి తప్పుకున్నారు. ఆయన ఓటర్లను వేదిక మీద ఎవరు, ఏ వాక్యంతో పిలిచారో, లేదా పిలవలేదో చూపండి. అదే సమయంలో, అదే నగరంలో, మరో టీవీ చానల్‌లో ట్రంప్ ఓటర్ల ప్రశ్నలకు జవాబులిస్తున్నారు. ఆయన ప్రస్తావన లేని జవాబును, ‘గెలిచారు’, ‘ఓడారు’ అన్న మాటలున్న జవాబును దిద్దకుండానే తిప్పి పంపుతాను.