చిన్న విమానానికి ఎయిర్‌బ్రష్ డిజైన్ ఎంచుకోవడం ఎలా?

కంప్యూటర్ తెర మీద ముచ్చటగా కనిపించిన ఎయిర్‌బ్రష్ డిజైన్ (గాలితో రంగు చిమ్మి వేసే బొమ్మ), విమానం హ్యాంగర్ నుంచి బయటికి వచ్చేసరికి వెలవెలబోవడం నేను చాలాసార్లు చూశాను. పెయింటర్ చేతిలో పనితనం లేక అలా జరగదు. యజమాని డిజైన్‌ను బొమ్మలో చూసి ఖాయం చేసుకోవడం వల్లే జరుగుతుంది. విమానం ఒళ్లు గుండ్రంగా ఉండి తోకవైపు సన్నబడుతుంది, మధ్యలో తలుపులూ కిటికీలూ రెక్కలూ అడ్డం వస్తాయి. కాబట్టి డిజైన్‌ను విమానం మీదే ఎంచుకోవాలి.

మొదట సరంజామా సమకూర్చుకోవాలి. విమానం అన్ని వైపుల కొలత బొమ్మలు, రంగు వేసిన నమూనా రేకులు, 6 మిల్లీమీటర్ల వినైల్ టేపు రెండు మూడు చుట్టలు, రసమట్టం, కెమెరా ఉంటే చాలు.

తరువాత ఏది చేయకూడదో తెలుసుకోవాలి. విమానం ఫైబర్, ఎపాక్సీ రెసిన్‌తో కట్టినదైతే, ముదురు రంగు ఎండకు బాగా వేడెక్కి రెసిన్ బలాన్ని తగ్గిస్తుంది. అందుకే అలాంటి చాలా విమానాలకు తయారీదారులు తెలుపునో లేత రంగులనో మాత్రమే అనుమతిస్తారు. మెయింటెనెన్స్ మాన్యువల్‌లో ఈ సంగతి చూడకుండా రంగుల జోలికి వెళ్లకండి. రిజిస్ట్రేషన్ అక్షరాలకు కూడా ముందే చోటు కేటాయించాలి. అంతర్జాతీయ పౌర విమానయానానికి ఆధారమైన చికాగో ఒప్పందం 7వ అనుబంధం ప్రకారం సాధారణంగా ఇవి రెక్క కింద కనీసం 50 సెంటీమీటర్లు, విమానం పక్కన గాని నిలువు తోక మీద గాని కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, వెనక రంగు నుంచి స్పష్టంగా విడిగా కనిపించాలి. మీ దేశపు నిబంధన వేరుగా ఉంటే దాన్నే పాటించాలి. డిజైన్ ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి చూసినప్పుడు అక్షరాలు కలిసిపోతే ఆ రంగులు పనికిరావు.

ఐలెరాన్లు, ఎలివేటర్, రడ్డర్ మీద, అంటే విమానాన్ని అదుపు చేయడానికి రెక్కలకూ తోకకూ కీళ్లతో అమర్చిన కదిలే పలకల మీద, బొమ్మలు వేయకూడదు. రడ్డర్ మీద బొమ్మ ఉంటేనే తోకకు అందమని వాదించేవారు ఉన్నారు, నేను ఒప్పుకోను. ఎయిర్‌బ్రష్ బొమ్మ అంటే బేస్ కోటు (అడుగు రంగు) మీద పలుచని పూతలు అనేకం, వాటన్నింటి పైన పారదర్శకమైన క్లియర్ కోటు. కీలుకు వెనక వైపు చేరిన ఆ బరువు పలక సమతూకాన్ని చెడగొడితే, ఒక వేగం దాటాక పలక గజగజ కొట్టుకునే ఫ్లట్టర్ పుట్టి విమానాన్నే విరగ్గొట్టగలదు. ఒకే రంగు వేసినా సరే, పెయింట్ తరువాత ఈ పలకల సమతూకాన్ని మాన్యువల్ ప్రకారం పరీక్షించి తీరాలి.

రంగులు మూడుకు మించకూడదు. నమూనా రేకును ఎండలోకి తీసుకెళ్లి, నిలువుగా పట్టి, కాస్త వంచి చూడాలి, ఎందుకంటే ముత్యపు మెరుపు రంగులు కోణం మారితే వేరే రంగులా కనిపిస్తాయి. లోహపు రజను కలిసిన రంగును యాంటెన్నాల మీద వేయనివ్వకండి.

ఇక అసలు కష్టం టేపుతో గీతలు వేసి చూసుకోవడంలో ఉంది. ముందుగా విమానాన్ని ఎగిరే భంగిమలో నిలపాలి. తోకచక్రం ఉన్న విమానం నేల మీద ముక్కు పైకెత్తి ఉంటుంది కాబట్టి, దాన్ని అలాగే ఉంచి మట్టంగా వేసిన గీత గాలిలో ముందుకు వాలినట్టు కనిపిస్తుంది. తూకం వేసేటప్పుడు మట్టం చూసుకోవడానికి తయారీదారు ఇచ్చిన గుర్తుల సాయంతో విమానాన్ని మట్టం చేసి, తోకను గట్టి స్టాండు మీద ఆనించి, రెండు పక్కలా ఒకే ఎత్తులో ఆధార గీత వేయాలి. మిగిలిన కొలతలన్నీ దాని నుంచే తీయాలి. రివెట్ల వరుస నుంచి తీస్తే మోసపోతారు, అవి తోకవైపు ఒంటితోపాటే వాలిపోతుంటాయి.

టేపును బెత్తెడు బెత్తెడుగా అదుముకుంటూ పోతే గీత పాములా తయారవుతుంది. ఒక కొన అంటించి, రెండో కొనను మరొకరిచేత ఒంటికి తగలకుండా బిగువుగా పట్టించండి. మీరు చెంపను దాదాపు రేకుకు ఆనించి, ఒక కన్ను మూసి టేపు పొడవునా చూడండి. వంకర లేదని తేలాకే దాన్ని దించి బొటనవేలితో అదమాలి. అయినా తోకవైపు జాగ్రత్త అవసరం, ఎందుకంటే సన్నబడే ఒంటి మీద బిగువుగా లాగిన టేపు తన దారి తాను పడుతుంది. చేతికి తిన్నగా తోచిన గీతే పక్కనుంచి చూస్తే వంగి ఉంటుంది. కొలత ఒకటి చెప్పి కన్ను మరొకటి చెబితే కన్ను చెప్పినట్టే మార్చాలి.

అప్పుడు ఇరవై అడుగులు వెనక్కి నడిచి, ఎదురుగా, ఏటవాలుగా, వెనకనుంచి చూడాలి. రెండు పక్కల గీతలూ ముక్కు కింద కలిసే చోట వేలెడు తేడా కూడా దాగదు. టేపును ఆ రాత్రి అలాగే వదిలి మర్నాడు ఉదయం మళ్లీ చూసేవరకు ఎవరికీ సరేనని చెప్పకండి.

బొమ్మను కూడా అసలు పరిమాణంలో కాగితం మీద అచ్చు వేయించి అంటించి చూడాలి. ఒకసారి నేను ఎంచుకున్న డేగ బొమ్మలో కన్ను సరిగ్గా తలుపు గడియ మీద పడింది. కాగితం కాబట్టి జానెడు వెనక్కి జరిపి సరిపెట్టుకున్నాను. రెండు పక్కలా డేగ తల విమానం ముక్కువైపే ఉండాలి, అందుకోసం పెయింటర్‌కు తిరగేసిన బొమ్మను విడిగా ఇవ్వాలి.

టేపు మీది కొలతలన్నీ రాసి, ఫొటోలతో సహా పెయింటర్‌కు అప్పగించండి. పని పూర్తయ్యాక, ఎత్తు, వేగం చూపే మీటర్లకు బయటి గాలి పీడనాన్ని అందించే స్టాటిక్ రంధ్రాల మీద కప్పిన టేపు తీశారో లేదో మీరే వేలితో తడిమి చూడాలి. 1996 అక్టోబరులో పెరూలో ఒక బోయింగ్ 757ను శుభ్రం చేశాక ఆ టేపు తీయడం మరిచిపోయారు, విమానం సముద్రంలో కూలి 70 మంది చనిపోయారు. టేపు తీశారని తేలాక మీ విమానాన్ని మళ్లీ తూచి కాగితాల్లో కొత్త బరువు రాయించి, రంగుల కోడ్‌లను లాగ్‌బుక్‌లో నమోదు చేసుకోండి.