స్నోమొబైల్ టూర్ సగంలోనే దెబ్బతింటోందా? కారణాలు, పరిష్కారాలు

మిషిగన్‌లోని అప్పర్ పెనిన్సులాకు వెళ్ళి స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) మీద మూడు నాలుగు రోజులు తిరిగి రావాలనుకునే స్నేహితుల కోసం ఇది రాస్తున్నాను. డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, కాంటన్‌లలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడి నుంచి అప్పర్ పెనిన్సులాలోని హౌటన్‌కు కార్లో 9 గంటల ప్రయాణం. బండ్లు అద్దెకు దొరుకుతాయి, రాష్ట్రంలో 6,000 మైళ్ళకు పైగా ట్రైల్స్ ఉన్నాయి. ఇంజిన్ చెడిపోయి ఆగిన ట్రిప్పుల కంటే మనుషులు అలిసిపోయో, చలికి తట్టుకోలేకో, ఒకరి మీద ఒకరు విసుక్కునో ఆగిపోయినవే నేను ఎక్కువ చూశాను. అందుకే ప్లాన్‌లో వచ్చే తేడాలు ముందు చెప్పి, బండి సంగతి తర్వాత చెబుతాను.

"రెండో రోజు మధ్యాహ్నానికే సగం మంది డీలా పడ్డారు"

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. బాగా నడిపే ఒకరిద్దరు మ్యాప్ ముందేసుకుని, "రోజుకి 150 మైళ్ళు ఎంతరా, కార్లో అయితే రెండు గంటలు" అంటూ రూటు గీసేస్తారు. ట్రైల్ మీద లెక్క అది కాదు. నున్నటి చోట 50 మైళ్ళ వేగం అందుకున్నా, మలుపులు, రోడ్డు దాటే చోట్లు, పెట్రోలు, కాఫీ, గ్లవ్స్ సర్దుకోవడం అన్నీ కలుపుకుంటే కొత్తవాళ్ళున్న గ్రూపు సగటున గంటకు 20 మైళ్ళు కదిలితే గొప్ప. ఆ లెక్కన 150 మైళ్ళకు ఏడెనిమిది గంటలు పడుతుంది. జనవరి మూడో వారంలో హౌటన్‌లో పొద్దున ఎనిమిదిన్నరకు గాని సూర్యుడు రాడు, సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. కాస్త ఆలస్యంగా బయల్దేరినా చివరి గంట ఒళ్ళు హూనమై ఉన్నప్పుడే చీకట్లో నడపాల్సి వస్తుంది. పైగా వేగం పెంచే థ్రాటిల్ మీట నొక్కాల్సింది కుడి బొటనవేలితో. అలవాటు లేని చేతికి రెండో రోజుకల్లా ఆ వేలు, మణికట్టు లాగేస్తాయి.

రోజు దూరాన్ని అందరికంటే కొత్తవాళ్ళను బట్టి పెట్టండి. ఈ ఒక్క మాట వింటే మిగతా సమస్యల్లో సగం పుట్టవు. మొదటిసారి బండెక్కేవాళ్ళు ఉంటే మొదటి రోజు 60 మైళ్ళు చాలు, తర్వాత 80 నుంచి 100. రోజుకో ఊళ్ళో దిగుతూ సామాను వెంటేసుకుని తిరిగే టూరు వినడానికి బాగుంటుంది కానీ, మొదటి ఏడాది వద్దు. హౌటన్‌లోనో మ్యూనిసింగ్‌లోనో మకాం పెట్టి రోజూ ఒక దిక్కుకి వెళ్ళి రండి. హౌటన్ నుంచి కాపర్ హార్బర్ రోడ్డు మీద 47 మైళ్ళు, ట్రైల్ మీద ఇంకాస్త ఎక్కువ. మొదటి రోజు కాకుండా, రెండో రోజు అక్కడిదాకా వెళ్ళి లంచ్ చేసి వెనక్కి వస్తే నిండైన రోజు. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే ఆ పూట రూములో ఉండిపోవచ్చు. రోజుకో ఊరు మారే టూరులో ఆ వీలు లేదు.

పడమటి వైపు ఐరన్‌వుడ్ దాకా వెళ్ళేవాళ్ళు ఒకటి గమనించాలి. విస్కాన్సిన్‌ను ఆనుకుని ఉన్న నాలుగు కౌంటీలు సెంట్రల్ టైమ్‌లో ఉంటాయి, మిగతా మిషిగన్ ఈస్టర్న్‌లో. అద్దె షాపు మూసే టైము, డిన్నర్ టైము ఏ గడియారం ప్రకారమో ముందే తేల్చుకోండి.

"రూములు బుక్ చేశాం, తీరా చూస్తే మంచు లేదు"

క్రిస్మస్ సెలవులు చూసుకుని మూణ్ణెల్ల ముందే డబ్బు కట్టేయడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. మిషిగన్‌లో ట్రైల్ సీజన్ డిసెంబర్ 1 నుంచి మార్చి 31 వరకు అని ఉంటుంది గానీ, సీజన్ తెరిచినంత మాత్రాన మంచు పడిందని కాదు. 2023-24 చలికాలంలో ఇక్కడ మంచు ఎంత తక్కువ పడిందంటే, మార్క్వెట్‌లో జరిగే పేరున్న కుక్కల బండ్ల పందెం యూపీ200 కూడా రద్దయింది.

జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మూడో వారం వరకు నమ్మకమైన కాలం. చోటు విషయానికొస్తే హౌటన్ ఉన్న కివినా ద్వీపకల్పం. చల్లగాలి సుపీరియర్ సరస్సు మీదుగా వస్తూ తేమ పట్టుకుని, ఈ ఎత్తైన నేల తగలగానే మంచుగా కురిపిస్తుంది. 1978-79లో ఇక్కడ 390.4 అంగుళాలు పడింది. మొహాక్ దగ్గర యూఎస్-41 పక్కన ఆ కొలత చూపించే నిలువెత్తు బోర్డు ఉంది, ఆగి ఫొటో దిగాల్సిన చోటు. క్యాన్సిల్ చేసుకునే వీలున్న రూములే తీసుకోండి. బయల్దేరే వారం ముందు స్థానిక క్లబ్బుల ట్రైల్ రిపోర్ట్ చూసి, వెళ్ళాలా వద్దా అన్నది ఆ రోజే తేల్చేయండి. "చూద్దాంలే" అంటే చివరి రాత్రి దాకా అందరికీ టెన్షనే.

డెట్రాయిట్ వైపు నుంచి అప్పర్ పెనిన్సులాకు దాటే మాకినా బ్రిడ్జి గురించి కూడా ఒక మాట. తీగల మీద పేరుకున్న ఐసు గడ్డలు కిందపడుతున్నప్పుడు దాన్ని కొన్ని గంటలు మూసేస్తారు. అందుకే వెళ్ళే రోజున మరో పని పెట్టుకోకండి.

"ట్రైలంతా గతుకులే, నడుము విరిగిపోయింది"

శనివారం మధ్యాహ్నం వెళ్ళారు కదా, అంతే. ట్రైల్‌ని గ్రూమర్ అనే పెద్ద యంత్రంతో ఎక్కువగా రాత్రిపూట చదును చేస్తారు. వందల బండ్లు తిరిగేసరికి మధ్యాహ్నానికి గుంటలు పడతాయి. ఆదివారం చేరుకుని సోమవారం నుంచి బుధవారం దాకా తిరగండి, పొద్దున్నే బయల్దేరండి. ఎదురుగా గ్రూమర్ వస్తే పక్కకు తీసి ఆగి దారివ్వాలి.

"వెనకవాళ్ళు తప్పిపోయారు, ఫోన్ కలవట్లేదు"

స్నేహితుల మధ్య అన్నిటికంటే పెద్ద గొడవలు ఇక్కడే పుడతాయి. ముందున్నవాడు వెళ్ళిపోతాడు, వెనకవాడు జంక్షన్‌లో తప్పు దారి పడతాడు. అడవిలో సిగ్నల్ ఉండదు, చలికి ఫోన్ బ్యాటరీ కళ్ళముందే పడిపోతుంది. గంట తర్వాత కలుసుకున్నప్పుడు ఎవరి కోపం వాళ్ళది. తప్పు ఏ ఒక్కరిదీ కాదు, బయల్దేరే ముందు నియమం పెట్టుకోకపోవడమే కారణం.

నియమం చాలా చిన్నది. ప్రతి ఒక్కరూ తన వెనక ఉన్న ఒక్క మనిషికి బాధ్యులు. ప్రతి జంక్షన్ దగ్గరా ఆగి, వెనకవాళ్ళు మిమ్మల్ని చూశారని రూఢి అయ్యాకే కదలాలి. వెనకవాళ్ళు కనిపించకపోతే మీరూ ఆగుతారు, మీ ముందువాళ్ళు మిమ్మల్ని చూసి ఆగుతారు, అలా లైనంతా దానికదే ఆగుతుంది. బాగా నడిపేవాళ్ళలో ఒకరు ముందు, ఒకరు చివర. కొత్తవాళ్ళను లీడర్ వెనకే పెట్టండి, చివర్లో పెడితే అందుకోవాలనే తాపత్రయంతో మలుపుల్లో పట్టు తప్పుతారు. ఒకరి వెనక ఒకరుగా, ట్రైల్‌కు కుడివైపునే వెళ్ళాలి.

ఎదురొచ్చే వాళ్ళకు మీ వెనక ఎన్ని బండ్లున్నాయో వేళ్ళతో చూపించడం ఇక్కడి మర్యాద, చివరివాళ్ళు పిడికిలి చూపిస్తారు. అయితే మలుపులో హ్యాండిల్ వదిలి సైగ చేయకండి.

అందరి ఫోన్లలోనూ ఆఫ్‌లైన్ మ్యాప్ ఉండాలి. ఫోన్ జాకెట్ లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని పెట్టుకోండి. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరం గ్రూపుకొకటి ఉంటే ఇంట్లోవాళ్ళకూ ధైర్యం. 911కి చెప్పాల్సి వస్తే ట్రైల్ నంబరు, ఫోన్‌లో కనిపించే అక్షాంశ రేఖాంశాలు చెప్పాలి.

మందు సంగతి కూడా నియమాల్లోనే చేర్చండి. ట్రైల్ పక్కన బార్లు చాలా ఉంటాయి. తాగి స్నోమొబైల్ నడపడం మిషిగన్‌లో నేరం, ప్రాణాంతక ప్రమాదాల్లో తరచూ కనిపించే కారణం కూడా. బండి పార్క్ చేసి తాళం రూములో పెట్టాకే. దీనికి "ఒక్కటే కదా బావా" అనే మినహాయింపు ఉండకూడదు. గడ్డకట్టిన సరస్సుల మీద అడ్డదారి తొక్కడమూ అంతే, వద్దు. పైన మంచు కప్పి ఉంటే కింద ఐసు ఎంత మందమో చూసి చెప్పలేం.

"వైజర్ మసకబారుతోంది, చేతులు మొద్దుబారుతున్నాయి"

బయట 10 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉందనుకోండి, అంటే సుమారు మైనస్ 12 సెల్సియస్. 40 మైళ్ళ వేగంతో వెళ్తుంటే ఆ గాలికి ఒంటికి తగిలేది మైనస్ 15 ఫారెన్‌హీట్ చలి, అంటే మైనస్ 26 సెల్సియస్. ఆఫీసుకు వేసుకెళ్ళే జాకెట్ దీనికి ఆగదు.

వైజర్, అంటే హెల్మెట్ ముందుండే అద్దం, మసకబారేది మీ ఊపిరి వల్లే. కరెంటుతో వేడెక్కే వైజర్ ఉన్న హెల్మెట్ అద్దెకు దొరికితే అదే తీసుకోండి, లేదంటే ఊపిరిని కిందికి మళ్ళించే మాస్క్ వాడండి. ఒంటికి తగిలే పొరలో కాటన్ వద్దు. చెమటకు తడిసి ఆరదు, బండి ఆపగానే వణుకు పుడుతుంది. మెరినో ఉన్ని గానీ సింథటిక్ గానీ వేసుకోండి. ఇంకో జత గ్లవ్స్ పొడిగా సంచిలో ఉండాలి. ముక్కు మీదో చెంప మీదో తెల్లటి మచ్చ కనిపిస్తే అది మంచుకాటు మొదలు. ఆగినప్పుడల్లా ఒకరి ముఖం ఒకరు చూసుకోండి. ఆ మచ్చను రుద్దకూడదు, అరచేతితో కప్పి వెచ్చబరచి, లోపలికి తీసుకెళ్ళాలి.

"బండి స్టార్ట్ అవ్వట్లేదు, కదలట్లేదు, వేడెక్కుతోంది"

స్టార్ట్ కాకపోతే ముందు చూడాల్సింది మీ జాకెట్‌కు తగిలించే టెదర్ తాడు (మీరు పడిపోతే ఇంజిన్ ఆపేసేది). దాని టోపీ బండి మీద సరిగ్గా కూర్చుందా? హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్ ఆన్‌లో ఉందా? కొత్తవాళ్ళ బండ్లు చాలావరకు ఈ రెండిటి వల్లే మొరాయిస్తాయి. ఆ తర్వాతే పెట్రోలు, స్పార్క్ ప్లగ్‌లు.

పొద్దున్నే ఇంజిన్ మోగుతూ బండి కదలకుండా రబ్బరు కాలిన వాసన వస్తే, కింది ట్రాక్ నేలకు గడ్డకట్టుకుపోయి ఉంటుంది. ఇంకా థ్రాటిల్ నొక్కితే డ్రైవ్ బెల్ట్ మాడిపోతుంది. ఇంజిన్ ఆపి, ఇద్దరు కలిసి బండి వెనక భాగం ఎత్తి ట్రాక్ విడిపించండి. రాత్రి పార్క్ చేసేముందు మంచు దులిపి, చెక్క పలకల మీద నిలిపితే ఈ బాధ ఉండదు. దారిలో బెల్ట్ తెగితే మార్చడం పెద్ద పనేం కాదు, కానీ అద్దె షాపులోనే ఒకసారి చేసి చూపించమని అడగండి. స్పేర్ బెల్ట్ బండిలో ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

టెంపరేచర్ లైటు వెలిగిందంటే ఎక్కువగా ట్రైల్ గట్టి ఐసుగా ఉందని అర్థం. ఈ ఇంజిన్లు ట్రాక్ ఎగజిమ్మే మంచుతోనే చల్లబడతాయి. ట్రైల్ అంచున మెత్తటి మంచు ఉన్న చోట నెమ్మదిగా నడపండి, లేదా ఆపి చల్లారనివ్వండి. పట్టాల కిందికి వేలాడే ఐస్ స్క్రాచర్లు ఉంటే దించితే మంచు పొడి ఎగిరి ఇంజిన్ చల్లబడుతుంది.

పెట్రోలు విషయంలో బండ్లన్నిటిలోనూ చిన్న ట్యాంకు ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోండి. మామూలుగా 100 మైళ్ళు వస్తుందనుకోండి. ఊరు తగిలిన ప్రతిచోటా నింపుకోవాలి. టూ-స్ట్రోక్ అయితే ఇంజిన్ ఆయిల్ కూడా పెట్రోలుతో పాటే ఖర్చవుతుంది, ఒక డబ్బా వెంట ఉంచుకోండి.

"తినడానికి ఏమీ లేదు"

శాకాహారులకు ఇది నిజమైన సమస్య. ఇక్కడి ప్రత్యేకత పాస్టీ అనే కూరిన రొట్టె, గనుల్లో పనిచేయడానికి వచ్చిన కార్నిష్ కార్మికులు తెచ్చింది. చాలాచోట్ల లోపల బీఫ్ ఉంటుంది, అడిగి తీసుకోండి. కిచెన్ ఉన్న క్యాబిన్ తీసుకుని, చిన్న రైస్ కుక్కర్, పచ్చళ్ళు, పొడులు పట్టుకెళ్తే రాత్రి భోజనానికి దిగులుండదు. పగటికి పులిహోర, చపాతీ రోల్స్. డబ్బాను జాకెట్ కింద పెట్టుకోకపోతే మధ్యాహ్నానికి గట్టిపడిపోతుంది. నీళ్ళు ఫ్లాస్కులోనే పోసుకోండి.

"తిరిగొచ్చాక డబ్బు దగ్గర మాటా మాటా పెరిగింది"

బండ్లన్నీ ఒకరి కార్డు మీద తీసుకుంటారు, ఒక స్కీ వంగుతుంది, డిపాజిట్‌లోంచి కోత పడుతుంది. మధ్యలో బండ్లు మార్చుకుని ఉంటే ఎవరి చేతిలో వంగిందో కూడా తెలియదు. ఎవరు నడుపుతుంటే దెబ్బతిందో వాళ్ళే కట్టాలా, అందరూ పంచుకోవాలా అన్నది అడ్వాన్స్ కట్టేముందే వాట్సాప్ గ్రూపులో రాసి, అందరి చేతా సరే అనిపించుకోండి. నా మటుకు నేను పంచుకోవడమే మేలంటాను. అలాగైతే కొత్తవాళ్ళు భయపడకుండా, బండి తగిలిన సంగతి దాచకుండా చెబుతారు. బండి తీసుకునేటప్పుడు స్కీలు, హుడ్, ట్రాక్, అద్దం అన్నీ వీడియో తీయండి. మిషిగన్ ట్రైల్ పర్మిట్ అద్దెలో కలిసి ఉందా, విడిగా కొనాలా, బెల్ట్ తెగితే ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నలు కూడా ఆ కౌంటర్ దగ్గరే అడిగేయండి.