మొక్కల ఇంగ్లిష్ పేర్లు, 4వ పాఠం: నక్క చేతితొడుగు

గత పాఠంలో జెరూసలేం ఆర్టిచోక్ చూశాం. అది పొద్దుతిరుగుడు జాతికి చెందిన ఉత్తర అమెరికా దుంప. పొద్దుతిరుగుడుకు ఇటాలియన్‌లో ఉన్న జిరాసోలే అనే మాట ఇంగ్లిష్ వాళ్ల నోళ్లలో నలిగి జెరూసలేం అయిందని చెప్పాను. ఆ ప్రభావం మీ జవాబుల్లో కనబడింది. ఫాక్స్‌గ్లవ్ (ఫాక్స్ అంటే నక్క, గ్లవ్ అంటే చేతితొడుగు) అనే పూలమొక్కకు ఆ పేరెలా వచ్చిందని అడిగితే దాదాపు అందరూ ఒకటే రాశారు: ‘అసలు పేరు ఫోక్స్ గ్లవ్, ఫెయిరీల చేతితొడుగు. వాడగా వాడగా ఫాక్స్ అయింది.’

ఇది మీరు కొత్తగా కనిపెట్టింది కాదు. ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకరైన ఫాక్స్ టాల్బట్ 1847లోనే తన పుస్తకంలో ఈ ఊహ రాశారు. అందంగా ఉంది కాబట్టి ఇప్పటికీ తిరుగుతోంది. నాకు బాధ కలిగించేది ఆ అందమే. శబ్దం కలిసిందని అక్కడే ఆగిపోకండి. ముందు అతి పాత రూపం వెతకండి. నేనైతే పెద్ద నిఘంటువు తెరవగానే అర్థం చదవను, మొదటి ప్రయోగం ఏ కాలానిదో చూస్తాను. సుమారు వెయ్యేళ్ల నాటి పాత ఇంగ్లిష్ వైద్య గ్రంథంలో ఉన్నది ‘ఫాక్సెస్ గ్లోఫా’. అచ్చంగా నక్క తొడుగు. మీ మాటే నిజమైతే అక్కడ ‘ఫోల్కెస్ గ్లోఫా’ లాంటిది కనిపించాలి. లేదు. పైగా, ఫోక్ అన్న మాట ఒంటరిగా వస్తే ఆ రోజుల్లో జనం అనే అర్థమే, ఫెయిరీలు కాదు. నార్వేలో ఇదే మొక్కను రేవెబ్యెల్లె, అంటే నక్కగంట అంటారు. అక్కడా నక్కే ఉంది.

నక్కకు తొడుగేమిటని పేరు దిద్దకూడదు. మన పిల్లితేగలనూ ఏనుగుపల్లేరునూ ఎవరూ దిద్దలేదు కదా.

ఇద్దరు ఇంకో దారి పట్టారు: దీనికి 1542లో డిజిటాలిస్ అని లాటిన్ పేరు పెట్టిన జర్మన్ వైద్యుడు ఫుక్స్, ఆయన ఇంటిపేరుకు నక్క అని అర్థం, కాబట్టి ఆయన వల్లే ఫాక్స్ వచ్చిందని. తేదీలు చూడండి, ఇంగ్లిష్ పేరు ఐదు వందల ఏళ్లు ముందుది. డిజిటాలిస్ మాత్రం లాటిన్‌లో వేలు అనే మాట నుంచి, ఈ మొక్కకు జర్మన్‌లో ఉన్న ఫింగర్‌హుట్ అనే పేరును చూసి పెట్టింది. కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగు అది. గుండె మందు డిగాక్సిన్ పేరు ఈ లాటిన్ పేరు నుంచే వచ్చింది.

అభ్యాసం: కౌస్లిప్, ఆక్స్‌లిప్ అనే రెండు పూలమొక్కలు. రెండింటికీ పాత రూపం, కాలం, అప్పటి అర్థం రాయండి. ‘ఆవు పెదవి’ అని విడగొట్టిన వాళ్లు ఆ పెదవికి పాత రూపంలో ఆధారం చూపించాలి.