ఎల్‌ఈడీ బల్బు సతాయిస్తుంటే: తప్పు బల్బుదేనా?

ముందు ఒక పని చేయండి. పేచీ పెడుతున్న బల్బును తీసి, లైటు బాగా వెలిగే వేరే గది హోల్డర్‌కి పెట్టండి. అక్కడా అదే తంతయితే బల్బు పోయినట్టే. అక్కడ బుద్ధిగా వెలిగితే మొదటి గది హోల్డర్‌నో వైరింగునో అనుమానించాలి. ఈ పరీక్ష చేయకుండానే మా వంటింట్లో మూడు బల్బులు మార్చాం. తీరా చూస్తే హోల్డర్‌లో పిన్ను స్ప్రింగు పట్టు వదిలేసింది.

స్విచ్ ఆపినా రాత్రి మసగ్గా వెలుగుతోంది

దెయ్యం కాదు. స్విచ్ మీద ఎర్రటి ఇండికేటర్ దీపం ఉంటే, దాని గుండా వచ్చే కాస్త కరెంటే ఎల్‌ఈడీకి సరిపోతుంది. పాత ఫిలమెంటు బల్బుకైతే అది ఏ మూలకూ చాలదు కాబట్టి అప్పట్లో ఎవరికీ కనిపించలేదు. ఇండికేటర్ లేని స్విచ్ వేయిస్తే సరి. ఇండికేటర్ లేకపోయినా వెలుగుతుంటే, ఫేజుకి (కరెంటు తెచ్చే వైరుకి) బదులు న్యూట్రల్‌కి (తిరిగి వెళ్లే వైరుకి) స్విచ్ పెట్టి ఉండొచ్చు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. స్విచ్ ఆపేశాం కదా అని బల్బు మార్చబోతే హోల్డర్‌లో ఫేజు అలాగే ఉంటుంది, షాక్ కొడుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వైర్లు సరిచేయించండి. అందాకా మెయిన్ ఆపకుండా ఆ హోల్డర్ ముట్టుకోకండి.

ఒకే వారంలో నాలుగైదు బల్బులు పోయాయి

కొట్టువాడితో గొడవకి వెళ్లకముందు ఇల్లు గమనించండి. ఫ్రిజ్జో మోటారో ఆన్ కాగానే లైట్లు కాస్త తగ్గడం మామూలే. ఒక గదిలో తగ్గి ఇంకో గదిలో పెరిగితే మాత్రం, స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ వదులైందని అనుమానించాలి. అప్పుడు 230 ఉండాల్సిన వోల్టేజి 300 దాటేయొచ్చు. బల్బులతో ఆగదు, టీవీ కూడా పోతుంది. మెయిన్ ఆపేసి లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేయండి.

పోయేది ఎప్పుడూ ఒక్క చోటి బల్బే అయి, హోల్డర్ బాగానే ఉంటే, కారణం చాలాసార్లు వేడి. గాజు డూములో బిగించిన ఎల్‌ఈడీకి గాలి ఆడదు, లోపల కరెంటును ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే డ్రైవర్‌లోని కెపాసిటర్ అనే భాగం ఉడికిపోతుంది. డూము తీసేయండి, లేదా తక్కువ వాట్ల బల్బు పెట్టండి.

వెలుగు చాలడం లేదు

పెట్టె మీద వాట్లు చూసి కొన్నారా? వాట్లు చెప్పేది కరెంటు ఖర్చు. వెలుగు ఎంతో చెప్పేవి ల్యూమెన్లు. 9 వాట్ల మంచి బల్బు 900 ల్యూమెన్ల దాకా ఇస్తుంది, పాత 60 వాట్ల బల్బుకి ఏమాత్రం తీసిపోదు. రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి, అవే వాట్లకి ల్యూమెన్లు ఎక్కువున్నది తీసుకోండి. రంగు మీ ఇష్టం: 6500 కెల్విన్ తెల్లగా, 3000 పసుపుగా ఉంటుంది. పడకగదికి నా ఓటు పసుపుకే.

అన్నీ మార్చినా బిల్లు తగ్గలేదు

రోజుకి ఆరు గంటలు వెలిగే 60 వాట్ల బల్బు తీసి 9 వాట్లది పెడితే నెలకి మిగిలేది సుమారు 9 యూనిట్లు. 2 కిలోవాట్ల గీజరు రోజూ గంట నడిస్తే నెలకి 60 యూనిట్లు తినేస్తుంది. ఇక ట్యూబులైట్లు తీసి ఎల్‌ఈడీలు పెట్టినవాళ్లకైతే ఆ 9 యూనిట్లు కూడా మిగలవు.